నాలుగో అద్దానికి ఒరగాల్సిన వంతు

నా పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా పై కాగితంలో రాసుకున్నారు. నా వయసు యాభై మూడేళ్లు. వృత్తి అద్దాల పని. కిటికీలకు, దుకాణాల ముందు భాగాలకు, మెట్లకు, బాల్కనీలకు అద్దాలు బిగిస్తాను. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. చదువు పదో తరగతి. చదవడం, రాయడం వచ్చు. సంతకం చేయడమూ వచ్చు. సంతకం సంగతి చివర్లో చెబుతాను.

ఇక్కడికి నా అంతట నేనే వచ్చాను. ఎవరూ తీసుకురాలేదు, ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. చెప్పి తీరాల్సిన పని లేదనీ, చెబితే ఇది నా మీదే సాక్ష్యమవుతుందనీ న్యాయాధికారి గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని గంటసేపు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఆలోచించుకోవడానికి నాకు గంట అక్కర్లేదు. పంతొమ్మిది రోజులుగా చేస్తున్న పని అదొక్కటే.

గత నెల ఇరవై మూడో తేదీ శుక్రవారం సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు పోలీసు స్టేషన్లో ఒక వాంగ్మూలం ఇచ్చాను. అందులో మూడు అబద్ధాలున్నాయి. నాలుగో అద్దానికి బోల్టులు వేసింది చనిపోయిన మనిషేనన్నాను. ఆ బాల్కనీ అంచు లోపల ఏముందో నాకు తెలియదన్నాను. అద్దం పడిన సమయానికి నాకు ఫోన్ వచ్చిందన్నాను. ఆ మూడూ ఇప్పుడు సరిచేస్తున్నాను.

చనిపోయినవాడు నా తోడల్లుడు, నా భార్య చెల్లెలి భర్త. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. పంతొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం. పనిలో అందరూ అతన్ని మట్టం అనేవారు. అద్దం నిటారుగా ఉందో లేదో, నేల సమంగా ఉందో లేదో చూసే రసమట్టం, అదే, మధ్యలో బుడగ తేలే కర్ర, ఎప్పుడూ అతని చంకలోనే ఉండేది. టీ కొట్టు బల్ల మీద కూడా పెట్టి చూసేవాడు. "నీ టీ ఎటూ పారిపోదులే, తాగరా" అని నేను ఎగతాళి చేసేవాణ్ని. అతను నవ్వి, బల్ల కాలి కింద మడిచిన కాగితం పెట్టి, అప్పుడు తాగేవాడు.

మా ఇద్దరికీ పని నేర్పింది మామగారు. ఆయనా అద్దాల మేస్త్రే. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. బాల్కనీకో మెట్లకో అద్దాలు బిగించాక, ఇంటివాళ్లకు అప్పగించే ముందు, ప్రతి అద్దానికీ వీపు ఆనించి, చేతులు కట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి పది దాకా పైకి లెక్కపెట్టాలి. దాన్ని ఒరుగుడు అంటాం. ఎవడు పడితే వాడు ఒరగకూడదు. అద్దాన్ని దేనికి ఆనించి, ఎలా బిగించాలో ఎవడు నిర్ణయించాడో వాడే ఒరగాలి. "నోటితో చెప్పినోడు వీపుతో చెప్పాలి" అనేవారు మామగారు.

నడుముకు తాడు ఎందుకు కట్టుకోలేదని పోలీసులు అడిగారు. మేం కట్టుకోం. కట్టుకుంటే మన పని మీద మనకే నమ్మకం లేదని ఇంటివాళ్లు అనుకుంటారని మామగారు కట్టుకోలేదు. ఆయన కట్టుకోలేదని మేమూ కట్టుకోలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఏమీ కాలేదు కాబట్టి అది తప్పని మాకు తోచలేదు.

మామగారు పోయి ఆరేళ్లయింది. పోయేముందు తన సామాను పంచారు. నాకు డ్రిల్లు, అతనికి రసమట్టం. డ్రిల్లే ఖరీదైనది. అయినా ఆ రోజు నాకు కడుపు మండింది. డ్రిల్లు ఎవడైనా పడతాడు. రసమట్టం నమ్మకమున్నవాడి చేతిలో పెడతారు. ఈ ముక్క కేసుకు అవసరమా అని ఇప్పుడు అడిగారు. అవసరమే, రాయండి.

గత నెల పన్నెండో తేదీ సోమవారం ఉదయం పదింబావుకు ఆ ఇంటికి వెళ్లాం. పాత ఇల్లు. రెండో అంతస్తులో తోట వైపు పొడవాటి బాల్కనీ ఉంది. అక్కడి నుంచి కింది బాట ఇరవై రెండు అడుగులు. ఇంటి యజమానికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఎడమ చేయి ఒక్కటే కదులుతుంది. చక్రాల కుర్చీలో కూర్చుంటే పాత పిట్టగోడ తప్ప ఆయనకు ఇంకేమీ కనిపించేది కాదు. అందుకని ఇంటావిడ ఆ గోడ తీయించి అద్దాలు పెట్టిస్తోంది. ఆమె కోరింది ఒకటే. మధ్యలో స్తంభాలు ఉండకూడదు, పైన కడ్డీ ఉండకూడదు, కూర్చున్న మనిషి కంటికి ఏదీ అడ్డం రాకూడదు.

ప్లాన్ గీసిన ఆర్కిటెక్టు మేడమ్ కూడా అక్కడే ఉంది. మూడు పద్ధతులు చెప్పి, ఏది చేయాలో తేల్చడం నాకే వదిలేసింది. అద్దాల మధ్య ఉక్కు స్తంభాలు నిలబెట్టడం మొదటిది. అది గట్టిది, కానీ ఇంటావిడ వద్దన్నదే అది. బాల్కనీ అంచు పొడవునా నేల మీద ఇనుప చానల్ వేసి, దాన్ని కింది కాంక్రీటులోకి బోల్టులతో దించి, అద్దాల అడుగులు అందులో నిలబెట్టడం రెండోది. అది చేయాలంటే కొత్తగా వేసిన టైల్స్ అంచు వెంట పగలగొట్టి, కింద చదునుకు పోసిన సిమెంటు కూడా తీసి, కాంక్రీటు కంటికి కనిపించేదాకా పోవాలి. మూడోది, నేలను ముట్టుకోకుండా, బయటి నుంచి బాల్కనీ అంచు పక్కకు బోల్టులు కొట్టి, రంధ్రాలున్న అద్దాలను వాటికి బిగించడం.

మట్టం వెంటనే అన్నాడు. "చానలే మంచిదన్నా. టైల్స్ తీస్తే కింద ఏముందో కళ్లారా చూస్తాం. పక్కనుంచి కొడితే పూత వెనక ఏముందో ఎవడికి తెలుసు? పాత ఇల్లు."

ఇంటావిడ కొత్త టైల్స్ వైపు చూసింది. "ఆయన ఇరవై మూడున ఆసుపత్రి నుంచి వస్తారు. అప్పటికి అయిపోతుందా?" అని అడిగింది.

"అయిపోతుందమ్మా. టైల్స్ ముట్టుకోం. పక్క బోల్టులే వేస్తాం. బాధ్యత నాది" అన్నాను. సరిగ్గా ఈ మాటలే. తర్వాత మట్టం వైపు తిరిగి, "నువ్వు నీ బుడగ చూసుకో నాయనా, బోల్టులు నేను చూసుకుంటా" అన్నాను. మేడమ్ నవ్వింది, ఇంటావిడ నవ్వింది. మట్టం కూడా నవ్వాడు. అతను నవ్వడం నాకు గుర్తుంది.

అంచు పూత ఒకటి రెండు చోట్ల కొట్టి చూడమని మేడమ్ చెప్పింది. మొత్తం ఆరు అద్దాలు. ఒకటో అద్దం దగ్గర కొట్టాను, ఆరో అద్దం దగ్గర కొట్టాను. రెండు చోట్లా కాంక్రీటే. మధ్యలో కొట్టలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం కదా, అలాగే అనుకున్నాను.

ఇరవయ్యో తేదీ మంగళవారం నాలుగో అద్దం చోటికి వచ్చాం. పొద్దున మూడు అద్దాల రంధ్రాలు అయ్యాయి. ఇద్దరం బయట పరంజా మీద ఉన్నాం. డ్రిల్లు నా చేతిలో ఉంది, అతను రంధ్రాల్లో పొడి ఊదేస్తున్నాడు. పదకొండున్నరకు నాలుగోదానికి మొదటి రంధ్రం పెట్టాను. డ్రిల్లు ఎదురు తిరగకుండా దిగిపోయింది. ఇలాంటివి ముందు చేతికి తెలుస్తాయి, తర్వాత కంటికి. కాంక్రీటు పొడి బూడిద రంగులో వస్తుంది. ఇది ఎర్రగా వచ్చింది. కుడి బొటనవేలితో తుడిచి చూశాను. ఎర్రగానే ఉంది.

"అన్నా, ఎర్రగా వస్తోంది. ఇటుక" అన్నాడు మట్టం.

"పూత రంగయ్యుంటుంది."

"మూడంగుళాల లోపల పూతేంటన్నా?"

సుత్తి పిడితో అంచు వెంట తట్టుకుంటూ పోయాడు. బోలుగా పలకడం మొదలైన చోట ఒకటి, ఆగిన చోట ఒకటి సుద్దతో గీతలు పెట్టాడు. గీతకూ గీతకూ మధ్య నాలుగు అడుగులు. సరిగ్గా ఒక అద్దమంత. "ఎప్పుడో ఎవడో అంచు వంకర సరిచేయడానికి ఇటుకలు పేర్చి పూత పూశాడు. ఈ ఒక్కదానికి చానల్ వేద్దామన్నా. నాలుగు టైల్స్ పోతాయి, రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. అంతేగా?" అన్నాడు.

అంతే. అంతకంటే ఏమీ లేదు. కానీ దానికి నేను లోపలికి వెళ్లి ఇంటావిడతో, అమ్మా, మావాడు చెప్పిందే నిజమైంది అనాలి. చిన్నవాడి మాట నెగ్గాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని నేను. నా భార్యను అడిగినా చెబుతుంది.

"నువ్వు భోంచేసి రా. ఈలోపు వెనక కాంక్రీటు ఎంత లోతులో ఉందో చూస్తా. అందితే పొడుగు బోల్టులు వేస్తా, అందకపోతే నువ్వన్నట్టే చేద్దాం" అన్నాను. అతను పన్నెండూ నలభైకి దిగి వెళ్లాడు.

నాలుగు రంధ్రాలూ లోతుకు పోనిచ్చాను. ఒక్కదానిలో గట్టిగా తగిలింది. మిగతా మూడింటిలో తగల్లేదు. పొడుగు బోల్టులు నా సంచిలో లేవు. దుకాణంలో చెబితే తెప్పించడానికి నాలుగు రోజులు పడుతుంది. ఉన్న పొట్టి బోల్టులే పెట్టి, వాటి చుట్టూ పోసే అంటు మందు మామూలుగా ఒక గొట్టం పోసే చోట రెండు పోశాను. గట్టిపడితే రాయిలా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మందు రాయిలాగే ఉంటుంది. దాన్ని పట్టుకున్న ఇటుక మాత్రం ఇటుకే. అది తెలియని పని కాదు నాది. తర్వాత తాగే నీళ్ల సీసాతో పరంజా చెక్క మీది ఎర్ర పొడి కడిగేశాను. సుద్ద గీతలు కూడా కడిగేశాను.

ఒకటిన్నరకు అతను వచ్చాడు. "ఏమైందన్నా?" అని అడిగాడు. "వెనక కాంక్రీటు తగిలింది. పొడుగువి వేశాను" అన్నాను. బోల్టు లోపలికి పోయాక దాని పొడుగు ఎవరికీ కనిపించదు. చెప్పినవాడి మాటే దాని పొడుగు. అతను తడిసిన చెక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే అన్నా. నువ్వు చూశావు కదా" అన్నాడు. జేబులోంచి కొలతల పుస్తకం తీసి పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నేను అడగలేదు.

బుధ, గురువారాల్లో ఆరు అద్దాలూ ఎక్కించాం. ఒక్కోటి డెబ్బై కిలోలు, రెండు పొరలు అతికించిన అద్దం. నాలుగోదాని బోల్టులు నేనే బిగించాను. బిగింపు చివర పానా గట్టిగా ఆగిపోవాలి. పై రెండు బోల్టులూ ఆగినట్టే ఆగి, ఇంకో పావు చుట్టు తిరిగాయి. అక్కడితో చేయి తీసేశాను. గురువారం సాయంత్రం ఐదింటికి పరంజా విప్పించాను.

ఇరవై మూడో తేదీ శుక్రవారం నాలుగు గంటలకు ఇంటావిడ పెద్దాయన్ని కుర్చీలో బాల్కనీ గుమ్మం దాకా తోసుకొచ్చింది. ఆయన తోట చూశాడు. ఎడమ చేత్తో కుర్చీ చక్రాన్ని తట్టాడు, చిన్నపిల్లలు బల్ల తట్టినట్టు. "ముందుకు తీసుకెళ్లమంటున్నారు" అంది ఇంటావిడ. "ఒక్క పది నిమిషాలమ్మా, ఒరుగుడు కానివ్వండి" అన్నాడు మట్టం.

నాలుగూ పన్నెండుకు మొదటి అద్దానికి ఒరిగాను. పది లెక్కపెట్టాను. రెండోదానికి ఒరిగాను. పది లెక్కపెట్టాను. మూడోదానికి ఒరిగాను. పది. నేను లేవగానే మట్టం ప్రతి అద్దం పైఅంచు మీదా రసమట్టం పెట్టి చూస్తున్నాడు. ఆ తర్వాత నాలుగోది. అక్కడికి రెండు అడుగులు. వీపు తిప్పాను. నా వీపు చల్లబడింది.

అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను. ఫోన్ మోగలేదు. ఎవరూ చేయలేదు. "ఆ, చెప్పండి" అన్నాను. పెద్దాయన కుర్చీ పక్కనుంచి గదిలోకి నడిచాను. ఏదో దుకాణం కిటికీ గురించి, "నాలుగున్నర అడుగులా? కాదండీ, నాలుగే" అంటూ, ఎవరూ లేని ఫోన్లో మాట్లాడాను.

ఆ సమయంలో ఏమనుకున్నానో చెప్పమన్నారు. కాసేపు గడిపితే ఇంటావిడ ఇక చాలంటుందని, నాలుగోది దాటేసి ఐదోదానికి పోవచ్చని అనుకున్నాను. వచ్చే వారం పొడుగు బోల్టులు తెప్పించి ఎవరూ చూడకుండా మార్చేద్దామనుకున్నాను. పెద్దాయన కుర్చీ ఈలోపు దానికి తగిలితే ఏమవుతుందన్నది నా మనసులోకి రాలేదు, లేదా నేనే రానివ్వలేదు. మట్టం ఒరుగుతాడని అనుకోలేదు. వంతు అతనిది కాదు. ఇది నిజం. కానీ "ఆగరా, నేనొస్తున్నా" అనే ఒక్క మాట అనలేదు. అదీ నిజం.

వెనకనుంచి అతని గొంతు వినిపించింది. "అన్నకు ఫోనొచ్చిందమ్మా. పెద్దాయన తొందరపడుతున్నారు, ఇదొక్కటీ నేను కానిచ్చేస్తా. అన్న కంటే నేను ఎనిమిది కిలోలు తక్కువే లెండి, అద్దం సంతోషిస్తుంది." ఇంటావిడ నవ్వింది. అతను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నేను ఫోన్లో మాట్లాడుతున్నాను. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది వినిపించలేదు. సంచిలో కంకర కదిలినట్టు చిన్న చప్పుడైంది.

తిరిగి చూస్తే మూడో అద్దం ఉంది, ఐదో అద్దం ఉంది. మధ్యలో తోట కనిపిస్తోంది. అద్దం ఉన్నప్పుడు కూడా తోట అలాగే కనిపించేది, అందుకని తేడా తెలియడానికి నాకు ఒక క్షణం పట్టింది. కింద బాట మీద అద్దం పడి ఉంది. ఒళ్లంతా తెల్లటి దారాల్లా పగుళ్లు, కానీ ఒక్క ముక్కా విడిపోలేదు. రెండు పొరల అద్దం అలాగే ఉంటుంది. అతను దాని మీదే ఉన్నాడు. మూడో అద్దం మీద రసమట్టం పెట్టింది పెట్టినట్టే ఉంది. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. సమయం నాలుగూ ఇరవై.

పెద్దాయన కిందికి చూడలేదు. నా వైపు చూస్తున్నాడు. ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది. ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు.

ఆసుపత్రిలో ఐదూ ఐదుకు ప్రాణం లేదన్నారు. ఆరూ నలభైకి స్టేషన్లో, "నాలుగోది ఎవరు బిగించారు?" అని అడిగారు. "అతనే" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, కానీ తర్వాత ఆలోచించి కూడా దిద్దలేదు. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా. కాగితం ముందు పెట్టారు, సంతకం చేశాను.

పరిశీలించిన ఇంజనీరు, ఇటుకలో పొట్టి బోల్టులు వేయడం వల్ల జరిగిందని, అది మృతుడి నిర్లక్ష్యమని రిపోర్టు రాశాడు. ఆయన తప్పు లేదు, నా మాట నమ్మి రాశాడు. టీ కొట్టు దగ్గర మా పనివాళ్లే, "ఊరికే మట్టం మట్టం అన్నాం, గోడలో ఇటుకుందని కూడా చూసుకోలేకపోయాడు" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. టీ తాగాను.

నా మరదలు నన్ను ఒక్క మాట అనలేదు. "బావా, టీ బల్ల మీద కూడా బుడగ పెట్టి చూసే మనిషి బావా" అంటుంది, అంతే. నాలుగుసార్లు అంది. వాళ్ల పాపకు తొమ్మిదేళ్లు. బళ్లో ఎవరో ఏదో అన్నారట. "పెదనాన్నా, నాన్న తప్పు చేశాడా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. "మరి కాగితంలో అలా రాశారుగా?" అంది. దానికి జవాబు నా దగ్గరుంది, చెప్పలేదు.

అప్పటి నుంచి దేనికీ వీపు ఆనించలేకపోతున్నాను. "ఏవండీ, మేకు కొట్టినట్టు అలా కూర్చుంటారేం, వెనక్కి ఆనుకోండి" అంటుంది నా భార్య. ఇక్కడ కూడా హాయిగా కూర్చోమన్నారు, ఈ కుర్చీకి వీపుంది, నేను దానికి ఆనుకోలేదు, మీరు గమనించే ఉంటారు. మెట్లెక్కుతూ లెక్కపెడతాను. ఏడో మెట్టు దగ్గర కాలు ఆగిపోతుంది. వెనకనుంచి వచ్చేవాళ్లు తప్పుకోమంటారు. తప్పుకుంటాను. ఎనిమిది అని అతను అనాలి, నేను కాదు.

ఈ నెల ఎనిమిదో తేదీ ఆదివారం పదకొండింటికి మరదలు మా ఇంటికి వచ్చింది. సంచిలో రసమట్టం, కొలతల పుస్తకం తెచ్చింది. "ఇవి మీ దగ్గరుంటేనే మంచిది బావా. చివరి పేజీలో ఏదో రాశారు, నాకు తెలియలేదు. మీరు చూసి చెప్పండి" అంది. చూశాను. అందులో ఇలా ఉంది. "20 మంగళ. నాలుగు. ఎర్ర పొడి. అన్న చూశాడు. సరే." దాని కింద, "23 శుక్ర. ఒరుగుడు అన్న వంతు."

"ఏముంది బావా?"

"కొలతలమ్మా" అన్నాను. "అంతేనా" అని ఖాళీ సంచి మడుచుకుని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక పుస్తకం పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. దాచను, కాల్చేద్దామనే నిలబడ్డాను. ఆ పేజీ ఒక్కటీ పోతే ఎర్ర పొడి సంగతి తెలిసిన మనిషి నేను తప్ప ఎవరూ ఉండరు. మళ్లీ చదివాను. అన్న చూశాడు, సరే. నన్ను తప్పు పట్టిన మాట అందులో ఒక్కటి ఉన్నా కాల్చేసేవాణ్ని. లేదు. పుస్తకం బియ్యం డబ్బా వెనక పెట్టాను.

తొమ్మిదో తేదీ సోమవారం ఉదయం పది గంటలకు ఆ ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు స్పష్టంగా తెలియదు. నాలుగో అద్దం చోట చెక్కలు అడ్డం కొట్టారు. పెద్దాయన కుర్చీ గదిలోనే ఉంది. నన్ను చూడగానే ఆయన ఎడమ చేయి నెమ్మదిగా ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. తర్వాత ఆ చేత్తోనే, లేదు, లేదు అన్నట్టు ఊపాడు. మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. మళ్లీ ఊపాడు.

"ఆ రోజు నుంచి ఇంతే మేస్త్రీ. ఎవరొచ్చినా చెవి చూపిస్తారు, చేయి ఊపుతారు. చెవి నొప్పేమోనని ఇద్దరు డాక్టర్లకు చూపించాను. ఏమీ లేదన్నారు. మందు చుక్కలు వేస్తున్నాను" అంది ఇంటావిడ.

ఆయనకు చెవి నొప్పి లేదు. ఫోన్ మోగలేదని చెబుతున్నాడు. మాట లేని మనిషి పదిహేడు రోజులుగా వచ్చినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు. మాటున్నవాణ్ని నేను కిటికీ కొలతలు చెప్పుకుంటున్నాను. ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, "అర్థమైంది పెద్దాయనా, నేనే చెబుతాను" అన్నాను. ఆయన చేయి దించాడు. ఇంటావిడకు చుక్కల మందు ఆపేయమని చెప్పి వచ్చేశాను.

ఈ రోజు, పదకొండో తేదీ బుధవారం ఉదయం ఎనిమిదీ పదికి మా ఇంట్లో నా భార్యకు, మరదలికి కలిపి అంతా చెప్పాను. పుస్తకం చదివి వినిపించాను. నా భార్య పుస్తకం లాక్కుని ఆ పేజీ తనే మళ్లీ చదివింది. మరదలు ఒక్కటే అడిగింది.

"ఎర్రగా ఉందని ఆయన చెప్పారా?"

"చెప్పాడు. వద్దని కూడా చెప్పాడు."

"సరే. వెళ్లి అది చెప్పండి" అంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మాటలో బావా అన్న పిలుపు లేదు. రసమట్టం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. అది పాపకు ఇస్తుందట. పుస్తకం నేను ఇక్కడ ఇస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. రిపోర్టులో మృతుడి నిర్లక్ష్యం అని ఉన్న చోట ఆ మాట కొట్టేయండి. దాని బదులు నా గురించి ఏం రాస్తారో మీ ఇష్టం. ఏ శిక్షకైనా సిద్ధమని గొప్పలు పోను. భయంగానే ఉంది. ఆ రోజు కూడా భయమే, కానీ ఆ రోజు ఆ భయాన్ని అతని వీపు మీద పెట్టాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒక చోట, మృతుడు ప్రమాదవశాత్తూ నాలుగో అద్దం నుంచి పడిపోయాడని రాశారు. దిద్దమన్నాను. నా వంతులో ఒరిగాడు అని రాశారు. ఇప్పుడు సరిగ్గా ఉంది. ఇందులో ఉన్నది నేను చూసింది, నేను చేసింది, నిజం. దీనికి నేను కలిపింది లేదు, దాచింది లేదు.

మొదటి వాంగ్మూలం కింద సంతకం చేశాను. ఇప్పుడూ చేయమని పెన్ను ఇచ్చారు. ఆ సంతకం ఒకసారి అబద్ధం కింద నిలబడింది, దాని మీద నాకు నమ్మకం లేదు. అందుకని వేలిముద్ర వేస్తానన్నాను. ఇంకు డబ్బా తెప్పించారు. నీలం లేదు, ఎరుపే ఉందన్నారు. పర్వాలేదన్నాను.

కుడి చేతి బొటనవేలి ముద్ర